మన మాటకు మన చావడి

చెన్నై తీరం నుండి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భంలో వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున సాగిన ఈ కేబుల్ పోర్ట్‌బ్లెయిర్‌తో ఆగిపోలేదు. స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ వరకు చేరినది. సుమారు 1,224 కోట్ల రూపాయల ప్రజాధనంతో, ప్రభుత్వరంగ సంస్థయైన బి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా జరిగిన నిర్మాణమిది. అంతకు పూర్వం ఉపగ్రహం ద్వారా లభించే కొద్దిపాటి సామర్థ్యాన్నే దీవుల ప్రజలు, కార్యాలయాలు, ఆసుపత్రులు పంచుకోవలసి వచ్చేది.

దారి పడినది. ఆ దారిన ఎవరి మాట నడుస్తున్నదన్నది నేడు మన ముందున్న ప్రశ్న. పైనుండి క్రిందికి ఉత్తర్వులు నడుస్తున్నవి. క్రిందినుండి పైకి నివేదికలు, లెక్కలు, లక్ష్యాల పట్టికలు నడుస్తున్నవి. ఉద్యోగికీ ఉద్యోగికీ మధ్య నడవవలసిన మాట మాత్రం ఏదో ఒక విదేశీ కంపెనీ వాకిట అరుగు మీద, ఆ కంపెనీ దయాదాక్షిణ్యాలపై నడుస్తున్నది. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారినది గాని, అక్కడి తపాలా ఉద్యోగి ఒంటరితనం మారలేదు. మన సంఘాలు తమ సొంత సర్వర్‌పై సొంత చర్చావేదికను నెలకొల్పుకోవలసిన సమయం ఆసన్నమైనదనీ, అది కొత్తవారి శక్తికి మించిన పని కాదనీ ఈ సంపాదకీయం ద్వారా మేము తెలియజేయదలచినాము.

దీవిలో ఉద్యోగి, దీవి వంటి ఉద్యోగి

తపాలా శాఖ పాలనలో అండమాన్ నికోబార్ దీవులు పశ్చిమ బెంగాల్ సర్కిల్‌కు చెందినవి. సర్కిల్ కార్యాలయం ఉన్న కలకత్తాకూ పోర్ట్‌బ్లెయిర్‌కూ మధ్య 1,200 కిలోమీటర్లకు పైబడిన సముద్రమున్నది. పోర్ట్‌బ్లెయిర్ నుండి గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బేకు మరి 500 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. వాతావరణం అనుకూలిస్తేనే ఓడ కదులుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు కార్ నికోబార్ వంటి దీవులు బాహ్య ప్రపంచంతో సంబంధాలు తెగిపోయి ఎంత అవస్థపడినవో దేశమంతా చూచినది.

ఈ దీవులలో మన తెలుగువారు తక్కువ సంఖ్యలో లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ప్రతి 100 మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి తరతరాలుగా తరలివెళ్లి స్థిరపడిన కుటుంబాలే వీరిలో అధికం. బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, మలయాళం, నికోబారీ మాట్లాడేవారు ఒకే కార్యాలయంలో, ఒకే వాడలో కలిసి జీవిస్తున్న చోటు అది. అక్కడ ఒక చిన్న తపాలా కార్యాలయంలో పనిచేసే ఉద్యోగికి సెలవు నిబంధనపైనో, ద్వీప భత్యంపైనో, బదిలీపైనో సందేహం కలిగితే అడగడానికి ప్రక్క కుర్చీలో మరొకరు ఉండరు.

దీవులలో రైలు పట్టా లేదు. కాబట్టి ఇది రైల్వే సోదరులకు సంబంధించిన విషయం కాదని ఎవరూ తలచరాదు. నిర్జన ప్రదేశంలోని లెవెల్ క్రాసింగ్ వద్ద గేట్‌మ్యాన్, అర్ధరాత్రి పట్టాల వెంట ఒంటరిగా గస్తీ తిరిగే ట్రాక్‌మ్యాన్, ఇల్లు వదిలి రన్నింగ్ రూములో నిద్రకు ప్రయత్నించే లోకో పైలట్, ఏజెన్సీ గ్రామంలో బ్రాంచి పోస్టాఫీసు నడిపే గ్రామీణ డాక్ సేవక్ – వీరిలో దీవిలో లేనివారెవరు? చుట్టూ నీరు లేకపోవచ్చు. తోటి ఉద్యోగి మాట వినబడని దూరం మాత్రం అంతే ఉన్నది.

మనిషిని మనిషి నుండి విడదీయుట పాలకుల పాత విద్య. పోర్ట్‌బ్లెయిర్‌లోని సెల్యులర్ జైలు అందుకు రాతి సాక్ష్యం. 1896లో ఆరంభించి 1906లో పూర్తి చేసిన ఆ కారాగారంలో 690కి పైబడిన ఒంటి గదులుండేవి. ఒక శాఖలోని గదుల ముఖం ఎదుటి శాఖ వీపును చూచేటట్లు కట్టినారు. ఒక ఖైదీ మరొక ఖైదీ ముఖం చూడరాదని! అయినను ఆ గోడల మధ్యనే రాజకీయ ఖైదీలు 1933లోనూ, 1937లోనూ సామూహిక నిరాహార దీక్షలు సాగించినారు. గోడలు దాటి మాట నడవనిదే అట్టి సామూహిక చర్య సాధ్యం కాదు.

అద్దె అరుగు మీద కచేరీ

నేడు మన శాఖలలో చాలా వాటికి వాట్సాప్ గ్రూపులున్నవి. వాటి ఉపయోగాన్ని మేము తక్కువ చేయుట లేదు. సభ వార్త క్షణంలో చేరవేయడానికి, ప్రమాదంలో ఉన్న సహోద్యోగికి సాయం పిలవడానికి అవి మంచి సాధనాలే. అందులోని సందేశాలు పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మధ్యవారికి చదవ వీలులేని రీతిలో రక్షింపబడుతున్నవన్నది కూడా నిజమే. కానీ సంఘ కార్యాలయం చేయవలసిన పని గ్రూపు చేయజాలదు.

ఒక ఉదాహరణ చూడండి. 2025లో రిజిస్టర్డు పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైనది. అట్టి మార్పు వచ్చినప్పుడు కౌంటరు వద్ద నూరు సందేహాలు పుట్టుట సహజం. ఒక గ్రూపులో ఉదయం ఒకరు అడుగుతారు. తెలిసినవారు చక్కగా జవాబిస్తారు. సాయంత్రానికి శుభాకాంక్షలు, పూల బొమ్మలు, పదవీ విరమణ ఫోటోల క్రింద ఆ జవాబు కూరుకుపోతుంది. మరునాడు మరొకరు అదే అడుగుతారు. మూడవనాడు జవాబు చెప్పేవారికే విసుగు పుడుతుంది. కొత్తగా చేరిన ఉద్యోగికి వెనుకటి చర్చ పూర్తిగా కనబడదు. చేరిన ప్రతివాని ఫోన్ నంబరు సాధారణంగా గ్రూపులోని వారందరికీ తెలిసిపోతుంది. మహిళా ఉద్యోగినులు అనేకులు ఈ కారణం చేతనే దూరంగా ఉంటున్నారు. గ్రూపు సభ్యత్వానికి 1,024 మంది పరిమితి ఉన్నది; డివిజను కాస్త పెద్దదైతే సంఘమే రెండు గ్రూపులుగా చీలవలసి వస్తుంది.

అంతకు మించిన ప్రమాదం మరొకటి. అరుగు మనది కాదు గనుక యజమాని తలుపు మూస్తే మన మాట వీధిన పడుతుంది. ఇది ఊహ కాదు. రెండు దశాబ్దాలపాటు ప్రపంచమంతటా వేలాది సంఘాలు, సాహిత్య బృందాలు యాహూ గ్రూపులలో చర్చలు సాగించినవి. తెలుగు సాహితీప్రియుల ‘రచ్చబండ’ కూడా అక్కడ నడిచినదే. 2019లో ఆ కంపెనీ పాత చర్చల భాండారాన్ని తొలగించనున్నట్లు ప్రకటించినది; 2020 డిసెంబరులో ఆ సేవనే మూసివేసినది. సభ్యుల అనుమతి అడిగినవారు లేరు. ముందుచూపుతో ప్రతులు తీసి దాచుకున్నవారికి మిగిలినంత మిగిలినది. డిస్కార్డ్ వంటి చోట్ల ‘సర్వర్’ అన్న పేరు వినబడుతుంది గాని, అక్కడ మనకిచ్చేది కంపెనీ భవనంలో ఒక గది మాత్రమే. దాని తాళపుచెవి కంపెనీదే.

కార్యాలయ ఆవరణలోని నోటీసు బోర్డును చూచి నిశ్చింతగా ఉండవచ్చునా? అది గుర్తింపుతో ముడిపడిన సౌకర్యం. 2023 ఏప్రిల్‌లో తపాలా శాఖ జాతీయ తపాలా ఉద్యోగుల సమాఖ్యకూ, దాని గ్రూపు ‘సి’ సంఘానికీ గుర్తింపు ఉపసంహరించినది. రైల్వేలలో గుర్తింపు నిర్ణయించే రహస్య బ్యాలెట్ 2013 తరువాత తిరిగి 2024 డిసెంబరులో గాని జరుగలేదు. గుర్తింపు వస్తుంది, పోతుంది. ఏ సంఘానికైనా ఇది వర్తిస్తుంది. సభ్యుల మధ్య సంభాషణ దానిపై ఆధారపడి ఉండరాదు.

ఇది కొత్త దారి కాదు

కంప్యూటరుపై చర్చావేదిక అనగానే ఇది నిన్న మొన్నటి వింత అని పెద్దవారు వెనుకంజ వేయనక్కరలేదు. 1978లో అమెరికాలోని చికాగో నగరంలో మంచు తుఫాను వల్ల ఇల్లు కదలలేని స్థితిలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ అను ఇద్దరు మిత్రులు టెలిఫోను తీగ ద్వారా ఎవరైనా సందేశం అతికించి, ఎవరైనా చదువుకోగల కంప్యూటరు ‘బులెటిన్ బోర్డు’ను నిర్మించినారు. ఆ పేరు మన కార్యాలయాల గోడకున్న బోర్డు నుండే వచ్చినది. 1980ల మధ్యకాలంలోనే కెనడా ప్రభుత్వోద్యోగుల యూనియన్ (క్యూప్) ‘సాలినెట్’ పేరిట తన సొంత కంప్యూటరు చర్చా వ్యవస్థను నెలకొల్పినది. అంతటి విశాల దేశంలో చెదరి ఉన్న శాఖలను ఒకచోట కూర్చిన ఆ యూనియన్‌కు నాటికి ఇంటర్నెట్ కూడా అందుబాటులో లేదు. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న గాని రాలేదు. నాడు వారు చేసినది నేడు మనం చేయలేమా?

ఎట్లు ప్రారంభించాలి?

సర్వర్ అనగా రాత్రింబవళ్లు వెలుగుతూ, అడిగినవారికి అడిగిన పుట అందించే కంప్యూటరు. దానిని కొననక్కరలేదు, నెలకు సుమారు వేయి రూపాయల అద్దెకు చిన్న సర్వర్ దొరుకుతుంది. ఒక బహిరంగ సభకు మైకు, షామియానా ఖర్చుతో పోల్చి చూచుకోండి. సభ్యుల వివరాలు మన దేశపు చట్టపరిధిలోనే ఉండుటకై భారతదేశంలోనే కంప్యూటర్లున్న సంస్థ వద్ద తీసుకొనుట మేలు. సర్వర్ కార్యాలయ భవనమైతే, డొమైన్ పేరు దాని చిరునామా బోర్డు. ఈ రెండూ సంఘం పేరిట, సంఘం ఖాతా నుండి చెల్లింపుతో ఉండవలెను. ఉత్సాహవంతుడైన ఏ ఒక్క కార్యకర్త పేరిట ఉన్నను, ఆయన బదిలీ అయిన నాడో, అలిగిన నాడో భవనం ఆయనతో పోతుంది.

భవనంలో పెట్టే అరలు, రిజిస్టర్ల వంటిది ఫోరం సాఫ్ట్‌వేర్. డిస్కోర్స్, పి.హెచ్.పి.బి.బి. అన్నవి ఈ పనికి చిరకాలంగా వాడుకలో ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. లైసెన్సు రుసుము లేదు. రెండవది సాధారణ వెబ్ హోస్టింగ్‌పైననే నడుస్తుంది. మొదటిదానికి ప్రత్యేక సర్వర్ కావాలి. కనీసం ఒక జి.బి., వీలైతే రెండు జి.బి. మెమరీ ఉండవలెను, ఈ-మెయిలు పంపే ఏర్పాటు కూడా అవసరం. సభ్యుని ఫోనుకూ సర్వర్‌కూ మధ్య మాట రహస్యంగా నడవడానికి కావలసిన భద్రతా సర్టిఫికెట్‌ను ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ సంస్థ ఉచితంగా ఇస్తున్నది. తెలుగులో రాయడానికి యూనికోడ్ ఉన్నది గనుక ఏ ఆటంకమూ లేదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలున్నవి. వాటిని సంప్రదించి నేర్చుకొనుటకు సంకోచం వద్దు. మన సభ్యుల పిల్లలలో ఈ విద్య తెలిసినవారు ప్రతి కాలనీలో ఉన్నారు.

తెరిచిన మొదటినాడే ముప్పది విభాగాలు పెట్టి సభ్యులను తికమక పెట్టరాదు. సార్టింగ్ కేసు ముందు నిలిచిన సోదరునికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. గళ్లు ఎక్కువైన కొద్దీ ఉత్తరం తప్పు గడిలో పడుతుంది. ఐదు చాలును: ఉత్తర్వులు, సర్క్యులర్లు, నిబంధనలపై సందేహాలు, సమస్యలు, వాటి పురోగతి, శాఖల వార్తలు, అందరి ముచ్చట. అండమాన్ వంటి బహుభాషా ప్రాంతంలో ప్రతి భాషకూ ఒక ముచ్చట గది ఉండవచ్చును. సందేహాల విభాగం మాత్రం అందరిదీ ఒకటే కావలెను. ఒక భాషలో వచ్చిన మంచి జవాబును రెండవ భాషలోకి మార్చి పెట్టుట ఒక కార్యకర్త బాధ్యతగా అప్పగించండి.

ఖాళీ హాలులోకి ఎవరూ అడుగుపెట్టరు. ప్రారంభానికి ముందే మన బులెటిన్ పాత సంచికల నుండి ఒక ఇరవై ప్రశ్నలు, జవాబులు తీసి అందులో పెట్టండి. తొలుత ఇరవై ముప్పది మంది నిలకడగల సభ్యులతో ఒక నెల నడపండి. తరువాతనే తలుపులు బార్లా తెరవండి. అడిగిన ప్రశ్నకు రెండు రోజులలో జవాబు వస్తుందన్న నమ్మకం కలిగితే సభ్యులు వాళ్లంతట వాళ్లే వస్తారు.

కొత్త సభ్యునికి చెప్పవలసినవి నాలుగే మాటలు. అడిగేముందు వెతకండి. శీర్షికలో ‘సహాయం కావాలి’ అని కాక, విషయమేమిటో రాయండి. ఒక్కచోట ఒక్క విషయమే ప్రస్తావించండి. సమస్య తీరిన తరువాత ఎట్లు తీరినదో వచ్చి చెప్పండి. ఈ నాలుగవది మిక్కిలి ముఖ్యం. ఒక సహోద్యోగి అప్పీలు ఎట్లు గెలిచినదో నమోదైతే అది పదిమంది ఆయుధమవుతుంది.

కట్టుబాట్లు లేని చావడి నిలువదు

సంఘ సభకు అధ్యక్షుడూ, ఎజెండా, మినిట్సు పుస్తకం ఎట్లు అవసరమో చర్చావేదికకు నియమావళి, నిర్వాహకులు అట్లే అవసరం. సభ్యత్వం శాఖా కార్యదర్శి ధ్రువీకరించిన తరువాతనే ఇవ్వవలెను. నిర్వాహకులు ముగ్గురికి తగ్గకుండా, వేర్వేరు ఊళ్లలో ఉండవలెను. తాళపుచెవుల వంటి పాస్‌వర్డుల అప్పగింత, మనం చార్జి అప్పగించినట్లే, కాగితంపై సంతకాలతో జరగవలెను. ప్రతి రాత్రి బ్యాకప్ తీయాలి. దాని ప్రతి మరొక ఊరిలో ఉండాలి. మూడు నెలలకొకసారి ఆ ప్రతి నుండి వేదికను తిరిగి లేపి చూడాలి. పరీక్షించని బ్యాకప్‌ను నమ్ముట, పరీక్షించని బ్రేకుతో బండి కదిలించుట వంటిది.

ప్రభుత్వోద్యోగులమన్న సంగతి మరువరాదు. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాలు, 1966 నాటి రైల్వే ప్రవర్తనా నియమాలు గోడ లోపల మాట్లాడినా మనల్ని వదలవు. కార్యాలయ రహస్య పత్రాలు, ఖాతాదారుల వివరాలు, ఉత్తరాల సమాచారం, ప్రయాణికుల వివరాలు, ప్రమాద విచారణ కాగితాలు వేదికపై పెట్టరాదు. ఉత్తరం గుట్టు కాపాడుట తపాలా కార్మికుని వృత్తిధర్మం. అది ఇక్కడా వర్తిస్తుంది. అధికారిని పేరు పెట్టి దూషించుట వల్ల సమస్య తీరదు. తేదీ, ఉత్తర్వు సంఖ్య, జరిగిన నష్టం రాస్తే సంఘం దానిని చర్చల బల్ల మీదికి తీసుకుపోగలదు. మతం, కులం, ఎన్నికల పార్టీల కలహాలకు వాకిట్లోనే అడ్డు చెప్పాలి. ఒక సందేశాన్ని తొలగించినప్పుడు కారణం రాసి తొలగించాలి. తొలగింపుపై శాఖా కార్యవర్గానికి అప్పీలు ఉండాలి. యాజమాన్యం నుండి మనం కోరే సహజ న్యాయం మన సభ్యునికి మనం నిరాకరించరాదు.

వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసినది. చట్టమున్నా లేకున్నా అవసరానికి మించిన వివరం సభ్యుని నుండి అడగరాదు. లేని సమాచారం దొంగ చేతికి చిక్కదు.

అభ్యంతరాలకు సమాధానం

‘స్మార్ట్ ఫోను లేనివారి సంగతేమిటి?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వారానికొకసారి ముఖ్యమైన చర్చల సారాంశాన్ని ఒక్క పుటలో ముద్రించి శాఖా కార్యాలయంలో అతికించండి. అదే కాగితం మీద వారి ప్రశ్నలు రాయించుకొని వేదికపై పెట్టండి. ‘మారుమూల దీవిలో సిగ్నలు సరిగా అందదు’ అంటారు. అక్షరానికి కావలసిన సామర్థ్యం అతి స్వల్పం. బొమ్మలకు, వీడియోలకు పరిమితి పెడితే బలహీనమైన సిగ్నలుపైన కూడా చదవవచ్చును. ‘యాజమాన్యం మనుషులు చొరబడతారు’ అంటారు. మన సర్వసభ్య సమావేశంలోకి మాత్రం రావడం లేదా? వేదికపై రాసే ప్రతి మాట రేపు అధికారి బల్ల మీద ఉండవచ్చునన్న ఎరుకతోనే రాయాలి. సమ్మె వ్యూహం వంటివి కార్యవర్గం ముఖాముఖి కూర్చొని నిర్ణయించవలసినవి.

‘తెర మీద మాటలు మరిగితే సభలకు ఎవరు వస్తారు?’ అన్న శంక అన్నిటికంటె బరువైనది. 1974 మే 8న ఆరంభమైన రైల్వే సమ్మె ఇరువది రోజులపాటు నిలిచినదంటే, అందుకు మూలం ముందు నెలలలో షెడ్డు షెడ్డునా, కాలనీ కాలనీనా జరిగిన ముఖాముఖి కృషి. ఆ కృషికి ఏ యంత్రమూ ప్రత్యామ్నాయం కాజాలదు. వేదిక పని సభకు ముందు సభ్యుని సిద్ధం చేయుట, సభ తరువాత తీర్మానాన్ని నిలిపి ఉంచుట.

తక్షణ కర్తవ్యం

2025 నవంబరులో ఎనిమిదవ వేతన సంఘం ఏర్పడినది. వేతన సంఘం ముందు మన వాదనకు బలం చేకూర్చేది ఆవేశం కాదు, ఆధారం. దీవిలో ఇంటి అద్దె ఎంత, ఓడ ప్రయాణానికి ఎన్ని రోజులు పోతున్నవి, రోగిని ప్రధాన భూభాగానికి తరలించడానికి కుటుంబం ఎంత అప్పు చేసినది, గేటు వద్ద పన్నెండు గంటల డ్యూటీలో మంచినీరు ఎక్కడిది – ఇవన్నీ తెలిసినవాడు ఆ చోట ఉన్న ఉద్యోగి ఒక్కడే. అతని మాట ఢిల్లీ చేరేలోగా నాలుగు చేతులు మారి రంగు వెలసిపోతున్నది. అతడే రాసి, తోటివారు సరిచూచి, శాఖ భద్రపరచిన సమాచారం మన మహజరులకు ప్రాణం పోస్తుంది.

కావున ప్రతి డివిజను కార్యవర్గం రాబోయే సమావేశంలో ఈ అంశాన్ని ఎజెండాలో చేర్చవలసినదిగా కోరుచున్నాము. ముగ్గురు నిర్వాహకులను ఎన్నుకోండి. అందులో ఒకరు మహిళ, ఒకరు ముప్పదేళ్ల లోపువారు కావాలి. ఒక సంవత్సరం అద్దెకు సరిపడు మొత్తం కేటాయించండి. నియమావళిని సర్వసభ్య సమావేశంలో ఆమోదించండి. ఆ పిమ్మటనే సర్వర్ తీసుకోండి.

కేబుల్ వేసిన చేతులు కార్మికులవి. సంచి మోసే చేతులు, జెండా ఊపే చేతులు మనవి. కాంప్‌బెల్ బేలోని సోదరుడు అడిగిన ప్రశ్నకు కాజీపేట షెడ్డులోని సోదరుడో, పలాస ఆర్.ఎం.ఎస్.లోని సోదరియో జవాబు చెప్పగల చావడిని కట్టుకొనుట ఇక మన చేతిలో పని.

ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!